గాలికి గట్టిపడే ఉక్కు

నాచారంలో మాకో షెడ్డు ఉంది. తలుపు బందులు కొట్టే ప్రెస్సులకు అచ్చులు చేస్తారందులో. భట్టీలో ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెను పట్టకారుతో తీసి, నూనె డ్రమ్ములో ముంచి గట్టిపరచడం మా ఆయన మొగిలయ్య పని. ముంచే ముందు డ్రమ్ముకు పసుపు బొట్టు పెడతాడు. ముంచాక చెవి వంచి చప్పుడు వింటాడు. నేను అన్నం తీసుకెళ్తే సగం తిని, "నువ్వు తిన్నవా?" అంటాడు. ఆ మాట ఏనాడూ తప్పలేదు, పెళ్లైన కొత్తలో మా అత్త మూతి ముడుచుకున్నా సరే.

మేము వాడే రకం ఉక్కును మిల్లువాళ్లు చేయడం మానేశారు. మా కొడుకు మహిపాల్ తిరగని దుకాణం లేదు. చివరికి ఉప్పల్‌లో ఉక్కు అమ్మే బుచ్చిబాబు వేరే రకం దిమ్మె ఇచ్చాడు. "మీ పాతదానికంటే గట్టిదండీ. నూనెలో మాత్రం ముంచకండి, పగిలిపోద్ది. గాలికి వదిలేస్తే అదే గట్టిపడుతుంది" అని మరీమరీ చెప్పాడట.

అది విని ఈయన నవ్వాడు. "గాలికి వడియాలు ఎండుతయి గని, ఉక్కు గట్టిపడుతదారా?"

"నాయినా, జర నా మాట ఇను. సోమవారం అచ్చు ఇయ్యకుంటే కంపెనీ ఆర్డరు ఇంకొకనికి పోతది. ఉన్నది గీ ఒక్క దిమ్మెనే."

"సరే తియ్. నువ్వు పెద్దోనివైనవ్."

దిమ్మెను అచ్చుగా చెక్కి భట్టీలో పెట్టిన రోజు మహిపాల్ ఏదో సామానుకని బయటికి పోయాడు. నేను అన్నం డబ్బాతో వెళ్లేసరికి ఈయన దిమ్మెను తీసి ఇటుకల మీద పెట్టి నిలబడి ఉన్నాడు. ఎరుపు మెల్లగా దిగుతోంది.

"సల్లారిపోతుంది సూడు. పాడైతది."

"గాలికే పెట్టమన్నడు గద పోరడు."

"నువ్వు ఊకో. కూర సంగతి నీకెరుక, ఉక్కు సంగతి నాకెరుక."

అప్పుడు చూశాను, డ్రమ్ముకు పసుపు బొట్టు అప్పటికే పెట్టి ఉంది.

ముంచాడు. చెవి వంచాడు. 'టక్' మని ఒక్క చప్పుడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

మహిపాల్ వచ్చేలోపు దిమ్మెకున్న నూనెను గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. బోల్టు రంధ్రం నుంచి అంచుదాకా పగులు.

"ఉక్కే కల్తీది. గా బుచ్చిబాబు మనకు అంటగట్టిండు" అన్నాడు కొడుకుతో.

"వాని సంగతి నేను జూస్త" అని మహిపాల్ దిమ్మెను సంచిలో వేసుకుని బండెక్కాడు. ఎక్కినవాడు ఆగాడు. "అమ్మా, నాయిన నూనెల ముంచిండా?"

ఆయన నా వంక చూశాడు, అన్నం వడ్డిస్తానని చూసే మనిషిలాగే. కాదంటే, వీడు పోయి ఏ తప్పూ చేయని మనిషి కాలరు పట్టుకుంటాడు. రేపు మళ్లీ ఆ ఉక్కు మాకెవరిస్తారు?

"ముంచిండు" అన్నాను.

మహిపాల్ బండి దిగి, సంచిలోంచి దిమ్మెను తీసి తండ్రి ముందు పెట్టి లోపలికి పోయాడు. తిట్టినా బాగుండేది.

ఆర్డరు పోయింది. చిన్నాచితకా పనులతో షెడ్డు నడుస్తోంది. తర్వాత తెచ్చిన రెండో దిమ్మె బుచ్చిబాబు చెప్పినట్టే గాలికే గట్టిపడింది. ఇప్పుడు మహిపాలే దిమ్మెల్ని తీసి ఇటుకల మీద పెడతాడు, ముంచే మనిషి అక్కర్లేదు. డ్రమ్ములో ఇనుప రజను పోస్తున్నారు.

ఈయన మాత్రం రోజూ షెడ్డుకు పోయి ఆ డ్రమ్ము పక్కనే కూర్చుంటాడు. నేను అన్నం తీసుకెళ్తాను. సగం తింటాడు. చెయ్యి కడుక్కుని అటు తిరుగుతాడు. నేను ఆ మాట కోసం కాసేపు నిలబడి, డబ్బా సర్దుకుని వచ్చేస్తాను.