కింద పెట్టిన కాఫీ

“ఆఫీసు పెట్టుకుని ఇంటికి వస్తానన్నాడంటే అది మంచి కబురు కాదు తల్లీ. రావద్దని చెప్పు. మా అమ్మకి జ్వరమని చెప్పు,” అన్నాను.

అరీజ్ నవ్వింది. “నీకు జ్వరమంటే పళ్ళు పట్టుకుని ఇంకా ముందే వస్తాడమ్మా.”

మా అమ్మాయి మా కరక్ ఊళ్ళోనే విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో పనిచేస్తుంది. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని కాదు. గ్రంథాలయానికి డబ్బూ పుస్తకాలూ ఇవ్వగలిగినవాళ్ళని వెతికి పట్టుకోవడం, పట్టుకున్నవాళ్ళు చేజారకుండా చూసుకోవడం ఆమె పని. ఆ విభాగానికి ఆమే పెద్ద. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు అదేం ఉద్యోగమో చాలాకాలం అర్థం కాలేదు. అడుక్కోవడమా అని ఒకసారి అడిగాను. రెండు రోజులు ముఖం ముడుచుకుంది. తర్వాత చూడగా చూడగా తెలిసింది, అది చుట్టరికం కలుపుకోవడం లాంటిదని. ఆమె దగ్గర ఒక నీలం అట్ట పుస్తకం ఉంది. ఎవరి తల్లి ఏ నెలలో పోయింది, ఎవరికి మోకాళ్ళ నొప్పులు, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదు, అన్నీ అందులో ఉంటాయి. రంజాన్ ముందు పంపే ఖర్జూరం డబ్బాల మీద పేర్లన్నీ తన చేత్తోనే రాస్తుంది. అచ్చు వేసిన పేరు చూస్తే ఇచ్చే చెయ్యి వెనక్కి పోతుందట.

ఇంటికి వస్తానన్నది హాజీ ముఫ్లిహ్. రాతి గనుల ఆసామి. గ్రంథాలయం పైకప్పు మూడేళ్ళుగా కారుతోంది. వానలు పడితే పై అంతస్తులో బల్లల మధ్య బకెట్లు పెడతారు. కిందటి చలికాలం వానలకి ఒక అలమర నిండా పాత వార్తాపత్రికలు బూజు పట్టిపోయాయి. ఆ రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి, ఎవరో పోయినట్టు గోడకేసి తిరిగి పడుకుంది. ఆ పైకప్పు మొత్తం తాను వేయిస్తానని హాజీ చేత అనిపించడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. ఒప్పందం కాగితం కూడా తయారైంది. సంతకమే మిగిలింది. అలాంటప్పుడు ఇంటికెందుకు?

శుక్రవారం నమాజు అయ్యాక వచ్చాడు, వెంట బావమరిది అవ్వాద్. మా ఇంట్లో మగదిక్కు లేదు. అరీజ్ నాన్న పోయి ఆరేళ్ళు. నా తమ్ముడు దూరాన అకబాలో ఉంటాడు. పక్కింటి పెద్దాయన్ని పిలిచి కూర్చోబెట్టి ఉండాల్సింది. పిలిస్తే వీధంతా తెలుస్తుందని పిలవలేదు. భయపడి చేసిన పనులేవీ నాకు ఇంతవరకు కలిసి రాలేదు.

యాలకులు దంచి వేసిన చక్కెర లేని కాఫీ నేనే పోశాను. హాజీ ఆ చిన్న కప్పు అందుకున్నాడు. పెదవికి ఆనించకుండా ముందున్న బల్ల మీద పెట్టేశాడు.

మా దగ్గర అతిథి కాఫీ కింద పెట్టాడంటే ఏదో కోరి వచ్చాడని. ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే తాగుతాడు. తాగకుండా లేచిపోయాడంటే ఆ ఇంటి పేరు ఊళ్ళో ప్రతి చావడిలోనూ నలుగుతుంది. ముందు ఏమిటి సంగతి అని అడగాలి. విన్నాకే మాట ఇవ్వాలి. ఇదంతా నాకు తెలియక కాదు.

అరీజ్ వంటింట్లోంచి బత్తాయిల పళ్ళెంతో వచ్చింది. కప్పు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నాకేసి చూసి తల అడ్డంగా కొంచెం కదిపింది. మాట్లాడకు అని దాని అర్థం. నేనేమో చెయ్యి దాటిపోయిందమ్మా అంటోందనుకున్నాను. పైకప్పు వేయించనని చెప్పడానికి వచ్చాడు, నింద దీని మీద పడుతుంది, ఉద్యోగం ఊడుతుంది, ముప్పై ఆరేళ్ళు, పెళ్ళి లేదు, రేపు నేను పోతే దీనికెవరు? క్షణంలో అంత దూరం వెళ్ళిపోయాను. కాఫీ మీద ఆవిరి తగ్గిపోతోంది.

“లేద్దామా హాజీ?” అన్నాడు అవ్వాద్ మీసం దువ్వుకుంటూ. “మగాళ్ళు లేని ఇంట్లో మాట ఎవరిస్తారు? ఈ బత్తాయిలిస్తాయా?”

అది నాకు తగిలింది.

“తాగండి హాజీ. మీరొచ్చిన పని అయినట్టే,” అన్నాను.

ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు. ఇంక చాలన్నట్టు కప్పు రెండుసార్లు ఆడించి నా చేతికిచ్చాడు. “నీ నోరు చల్లగుండ, ఉమ్ అరీజ్. నీ కూతురు నన్ను నెల రోజుల నుంచి తిప్పుతోంది. నువ్వు ఒక్క మాటలో తేల్చేశావు,” అన్నాడు, అరీజ్ తల్లీ అని మా పద్ధతిలో నన్ను పిలుస్తూ. ఆ తర్వాత చెప్పాడు తానడిగింది ఏమిటో.

పై అంతస్తులో చదువుకునే పెద్ద గది ఉంది. దాని తలుపు మీద ఇత్తడి పలక, పలక మీద విదాద్ అని పేరు. ఆ పలక తీసేసి తన తండ్రి పేరు పెట్టాలి. కొత్త మెట్లకి పెడతామని, ముందు హాలుకి పెడతామని అరీజ్ చెబుతూనే ఉందట. మెట్ల మీద నడుస్తారు, మా నాన్న పేరు కాళ్ళ కింద పెడతావా అన్నాడట.

అరీజ్ వాళ్ళని గేటు దాకా మర్యాదగా సాగనంపింది. లోపలికొచ్చి ఆ ఒక్క కప్పూ కడిగి బోర్లించింది. నా మీద అరిచి ఉంటే బాగుండేది.

మిస్ విదాద్ మా ఇద్దరికీ పంతులమ్మ. నాకు కొన్నాళ్ళే, అరీజ్‌కి పూర్తిగా. పెళ్ళి చేసుకోలేదు. రిటైరైన ఏడాది తన పుస్తకాలన్నీ గ్రంథాలయానికి ఇచ్చేసింది. చేతికొచ్చిన డబ్బుతో ఆ గదికి అలమరలూ బల్లలూ చేయించింది. గది ఉన్నంతకాలం పేరుండాలి అన్నదొక్కటే ఆవిడ కోరిక. ఉంటుందని అరీజ్ తన చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఈ ఉద్యోగంలో ఆమె తెచ్చిన మొదటి దానం అదే.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. రొట్టె ఉందా అంటే తలూపేది. వాన వస్తుందేమో గొడుగు పట్టుకెళ్ళు అంటే తలుపు చప్పుడే జవాబు. గ్రంథాలయం పెద్ద మాత్రం సంబరపడిపోతున్నాడట, కొత్త పలక ఎప్పుడు చేయిస్తావు అని రోజూ అడుగుతున్నాడట. ఇది నాకు ఆమె కింద పనిచేసే అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఒప్పందం కాగితం అరీజ్ బల్ల మీద అలాగే ఉందట. మా అమ్మాయి పలక చేయించనూ లేదు, చేయించనని చెప్పనూ లేదు.

ఆరో రోజు ఒక్క మాట అంది, చెప్పులు వేసుకుంటూ. “నేను రాసిచ్చిన మాట ఒకటి. నువ్వు నోటితో ఇచ్చిన మాట ఒకటి. రెండూ ఒకే తలుపుకి ఎలా కొట్టనమ్మా?”

నేను వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. పలక తీస్తే, ఇచ్చిన మాట తుడిచేసే మనిషని మా అమ్మాయికి పేరొస్తుంది, ఇక ఆమె ముఖం చూసి ఎవరూ ఒక్క పుస్తకం ఇవ్వరు. తియ్యకపోతే నా మాట పోతుంది, పైకప్పు పోతుంది, ఉమ్ అరీజ్ కాఫీ తాగించి మోసం చేసిందని అవ్వాద్ ఊరంతా చెబుతాడు. ఎటు చూసినా తలుపు వేసే ఉంది. వేసింది నేనే.

తొమ్మిదో రోజు ఆదివారం. మిస్ విదాద్ చర్చి నుంచి వచ్చే వేళ చూసుకుని మా ఊరి కోట కిందున్న ఆవిడ ఇంటికి బయల్దేరాను. నేను ఆలోచించింది ఇదీ. ఆవిడ మంచిది, వయసైపోయింది, పిల్లలు లేరు, పేరు ఉన్నా పోయినా అడిగేవాళ్ళు లేరు. ఆవిడే తనంతట తాను వదులుకుంటే రెండు మాటలూ నిలుస్తాయి. ఇలా ఆలోచించినందుకు దారిలో నాకు సిగ్గేసింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

గ్యాస్ హీటరు దగ్గర కూర్చోబెట్టింది. పిల్లి ఒకటి నా చెప్పులు వాసన చూసింది. అరీజ్ ఎలా ఉంది, దగ్గు తగ్గిందా అని అడుగుతూ కాఫీ కలిపి ఇచ్చింది. కప్పు అందుకుని బల్ల మీద పెట్టాను.

ఆవిడ కప్పు చూసింది. తర్వాత నన్ను చూసింది. అప్పుడు మా ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చి ఉంటుంది.

నలభై మూడేళ్ళ కిందట ఈవిడ మా నాన్న ముందు ఇలాగే కప్పు పెట్టింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, వెంట మగవాళ్ళెవరూ లేకుండా వచ్చింది. మీ అమ్మాయి నౌఫా బాగా చదువుతోంది, బడి మాన్పించకండి, అంది. నేను తలుపు వెనక ఉన్నాను. మా నాన్న అవుననలేదు, కాదనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆడది కింద పెట్టిన కాఫీకి జవాబెందుకు అనుకున్నాడేమో. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు అయ్యే దాకా ఆవిడ అలాగే కూర్చుంది. తర్వాత సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ కాఫీ మా అమ్మ మొక్కల తొట్టిలో పారబోసింది. మర్నాటి నుంచి నేను బడికి వెళ్ళలేదు. కింద పెట్టిన కాఫీ చూస్తే నాకు ఊపిరాడకపోవడం ఆ రోజు నుంచే.

అంతా చెప్పాను. అవ్వాద్ అన్నదీ, నేనన్నదీ, అరీజ్ మాట్లాడకపోవడమూ. చివరికి అడగాల్సింది కూడా అడిగేశాను. “మిస్, ఆ పలక మీరే వద్దనండి. మీ అంతట మీరు అంటే మా అమ్మాయి బయటపడుతుంది.”

బయట వాన మొదలైంది. గ్రంథాలయంలో బకెట్లు పెట్టి ఉంటారు, అరీజ్ ఈపాటికి మెట్లెక్కుతూ ఉంటుంది అనుకున్నాను. పిల్లి ఆవిడ ఒళ్ళో ఎక్కింది, దిగింది. కాఫీ మీద మీగడలా పొర కట్టింది. ఆవిడ కిటికీకేసి చూస్తోంది. అచ్చం మా నాన్నలాగే. ఇక జవాబు రాదనుకున్నాను, నాకు దక్కాల్సింది అదే అనుకున్నాను. లేవడానికి చున్నీ సర్దుకున్నాను.

“కూర్చో నౌఫా,” అంది. “మీ నాన్న ఆ రోజు కాదన్నా నేను బాధపడేదాన్ని కాదు. జవాబే చెప్పలేదు. నేను చెబుతాను. ఇవ్వను. ఆ పేరు నాది. నీది కానిది హాజీకి ఇచ్చావు. రేపు వెళ్ళి ఆయన ముందు కప్పు పెట్టి ఆ మాటే చెప్పు. కావాలంటే నేనూ వస్తాను. ముందు ఆ కాఫీ తాగు. మా ఇంట్లో కాదన్నా తాగొచ్చు.”