నాలుగు గదులు, ఒక్క హీటరు

ఇల్లు ఇరుకని ఏడ్చినన్నాళ్ళూ మా గోడు విన్న నాథుడు లేడు. చోటు దొరికి కాస్త కాళ్ళు చాపుకున్నామో లేదో, సర్కారిళ్ళ ఆఫీసువాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "అయ్యో, మీకు చోటు మరీ ఎక్కువైపోయిందే!" అని వాళ్ళ బాధ. మన సుఖం చూసి పొరుగువాళ్ళు ఏడవడం ఎక్కడైనా ఉన్నదే. సర్కారు కూడా ఏడుస్తుందని నాకు మా దీవి వదిలి ఈ చలిదేశానికి, ఈ మాంగెరే పేటకి వచ్చాకే తెలిసింది.

అంతకుముందు మా ఆడపడుచు గారేజీలో ఉండేవాళ్ళం. కారు బయట వానలో తడిసేది, మేం కారు చోట్లో పడుకునేవాళ్ళం. నేను, మా ఆయన యాకోపో, నలుగురు పిల్లలు, మా అందరి నెత్తి మీదా మా అత్తగారు ఫువాటినో. ఆవిడ గురక పెడితే గారేజీ రేకు తలుపు గడగడలాడేది. మా ఆఖరివాడు సేలుకి ఉబ్బసం అక్కడే పట్టుకుంది. ఆఫీసుకెళ్ళి అడిగినప్పుడల్లా "మీ పేరు వరుసలో ఉంది మేడమ్" అనేవారు. వరుస అంటే ప్రభువు రాకడ లాంటిది. వస్తుందని అందరూ నమ్మాలి, ఎప్పుడని ఎవరూ అడక్కూడదు.

చివరికి ఇల్లిచ్చారు. నాలుగు పడకగదుల ఇల్లు! చర్చివాళ్ళంతా మంచాలూ చాపలూ గిన్నెలూ మోసుకొచ్చారు. పాస్టరుగారు గదిగదికీ తిరిగి ప్రార్థన చేశారు. నేనైతే నాకూ మా ఆయనకీ వేరే గది, ఆ గదికో తలుపు, ఆ తలుపుకో గడియ చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పెద్దపిల్ల లూపేకి పన్నెండేళ్ళొచ్చాక మాకు గడియ దొరికింది!

ఎండాకాలమంతా రాజభోగమే. జూన్ వచ్చింది, ఇక్కడ అదే చలికాలం, ఇంటి అసలు గుణం బయటపడింది. గోడలకి చెమటలు పట్టాయి. పైకప్పు మూలల్లో నల్లగా బూజు కట్టింది. దక్షిణం వైపు గది సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరంగా తిరుగుతాడు, చలికాలంలో ఆ గదికి సూర్యుడంటే ఎవరో తెలీదు. అందులో పెట్టిన మంచినీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి. మరి హీటరు లేదా అంటారా? ఎందుకు లేదు, ఆఫీసువాళ్ళు ధర్మాత్ములు. ముందుగది గోడకి ఒకటి బిగించారు. ఇంటికి ఒకటేనట, రూలు అలా ఉందట. చలి కూడా ఆ రూలు చదువుకుని ముందుగదిలోకి మాత్రమే వస్తుందని వాళ్ళ నమ్మకం కాబోలు.

పోనీ అని పడకగదుల్లోకి చిన్నచిన్న హీటర్లు తెచ్చిపెట్టాం. ఆ నెల కరెంటు బిల్లు చూసి మా ఆయన గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. హీటర్లు అటకెక్కాయి, సేలుకి ఆయాసం మళ్ళీ మొదలైంది. అప్పుడు మా అత్తగారు తీర్పు చెప్పేసింది.

"అందరూ ముందుగదిలోకి రండి. చాపలు పరవండి."

"నాలుగు గదులు పెట్టుకుని ఇదేం కర్మ అత్తమ్మా?" అన్నాను.

"దీవిలో మా ఊళ్ళో ఇళ్ళకి గోడలే ఉండవు. అందరం ఒక్క కప్పు కిందే దొర్లి పెరిగాం. చచ్చామా?"

అంతే. నా గడియకి నేనొక దణ్ణం పెట్టి, చాప చంకన పెట్టుకుని వచ్చి, ఆవిడ గురక పక్కన చేరాను. సేలు మాత్రం వారం తిరక్కుండా తేరుకున్నాడు. ముసలావిడ మాట నెగ్గిందని నాకు కడుపుమంట. కానీ పిల్లాడు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతుంటే ఇంకేం మాట్లాడతాను?

సరిగ్గా అప్పుడే గ్లెన్ ఊడిపడ్డాడు. ఆఫీసు మనిషి, చేతిలో ట్యాబు. మంచివాడే, ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పాడు. గదులన్నీ తిరిగి చూశాడు. మంచాల మీద దుప్పట్లు కొట్లో అమ్మకానికి పెట్టినట్టు నలగకుండా ఉన్నాయి.

"ఇక్కడ ఎవరు పడుకుంటారండీ?"

"ఎవరూ పడుకోరు."

ప్రతి గదిలోనూ అతనిది అదే ప్రశ్న, నాది అదే జవాబు. నిజం చెప్తే పోయేదేముందిలే అనుకున్నాను చూడండీ, నా బుద్ధిని చెప్పుచ్చుక్కొట్టాలి.

"నాలుగు పడకగదులు, నాలుగూ వాడకంలో లేవు," అని ట్యాబు మీద నొక్కుకున్నాడు. "మేడమ్, బయట ఎంతమంది గారేజీల్లో కాపరాలు చేస్తున్నారో మీకు తెలీదు."

నాకు! గారేజీల సంగతి నాకు తెలీదట! నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో పండగ చేసుకోదగ్గ విషయం.

"ఈ ఇల్లు మీకు ఎక్కువండీ," అన్నాడు చాలా మర్యాదగా. "కారులో రెండు గంటలు, హామిల్టన్ దాటాక ఒక ఊళ్ళో రెండు గదులది ఖాళీగా ఉంది. అక్కడికి మారుస్తాం."

"మా ఆయన ఎయిర్‌పోర్టులో సామాన్లు మోస్తాడు. హామిల్టన్ అవతల విమానాలు దిగుతాయా? పిల్లల బడి ఇక్కడ, సేలు డాక్టరు ఇక్కడ. చలికి తట్టుకోలేక ఒక్కచోట ముడుచుకుంటున్నాం నాయనా, గదులెక్కువై కాదు!"

"చలి గురించి రాయడానికి ఇందులో చోటు లేదండీ," అని ట్యాబు నాకు తిప్పి చూపించాడు. నిజంగానే లేదు. "వచ్చే గురువారం మళ్ళీ వస్తాను. గదులు వాడుతున్నట్టు కనిపిస్తే సరి. లేకపోతే ఇల్లు మారక తప్పదు."

కనిపిస్తే సరేనట! కనిపించడానికేం భాగ్యం? అతను వీధి మలుపు తిరక్కముందే నాటకానికి తెర లేపాను. దుప్పట్లు నలిపాను, దిళ్ళ మీద పిడికిళ్ళతో గుంటలు చేశాను, కుర్చీల మీద లంగాలూ చొక్కాలూ పడేశాను. అసలు చిక్కంతా లూపేతో వచ్చింది. అది ఆదివారం బడిలో బహుమతులు తెచ్చుకునే పిల్ల.

"ఆయన అడిగితే ఏం చెప్తావే?"

"ఈ గదిలో పడుకుంటానని. కానీ అది అబద్ధం కదమ్మా?"

"ఇవాళ్టి నుంచి అక్కడే పడుకో, నిజమైపోతుంది."

ఆ పిల్ల నోరు మూయించడానికి అందరినీ నిజంగానే గదుల్లో పడుకోబెట్టాను. రెండు రాత్రులు గడిచాయో లేదో, తెల్లారేసరికి సేలు గొంతులోంచి ఈల వినిపించింది. వెళ్ళి చూద్దును కదా, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, పెదాలు నీలంగా తిరిగాయి. ఎత్తుకుని ముందుగదిలోకి పరిగెత్తాను. మందు పీల్పించాక ఈల తగ్గింది గానీ నేను వాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. వాడి ఊపిరి పణంగా పెట్టి నాటకమాడిన తల్లిని కదా.

డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన వాడి మొహం చూసి, "ఇల్లు పోతే పోనీవే," అన్నాడు.

"పోతే? ఆ దూరం నువ్వు పోయి రాగలవా? నీ ఉద్యోగం పోతే మళ్ళీ గారేజీయేగా! ఆ గారేజీలో వీడు ఎన్నాళ్ళు బతుకుతాడో చెప్పు!" అని అరిచేశాను. అరిచాక ఏడుపొచ్చింది. ఏడ్చాను.

మా అత్తగారు సేలు ఛాతీకి కొబ్బరినూనె రాస్తూ, తలెత్తకుండానే అంది. "గురువారం వంట నాది. నువ్వు దక్షిణం గదిలో బల్ల వెయ్యి, మకెరీటా."

"ఆ గదిలోనా? అతిథిని అక్కడ కూర్చోబెడితే బిగుసుకుపోతాడు అత్తమ్మా!"

"గదులు వాడుతున్నట్టు కనిపించాలన్నాడుగా," అంది.

గురువారం వాన. గ్లెన్ వెచ్చటి కారులోంచి దిగి, కోటు కారులోనే వదిలేసి, పల్చటి చొక్కాతో లోపలికి పరిగెత్తుకొచ్చాడు. గదులు చూద్దామని ట్యాబు తీశాడు. మా అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది.

"ముందు భోజనం, బాబూ."

"నేను తినేసి వచ్చానండీ."

పాపం, ఆ మాట మా ఇళ్ళల్లో చెల్లదని అతనికి తెలీదు. అతన్ని దక్షిణం గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూలేసింది. మేం చుట్టూ చాప మీద కూర్చున్నాం. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి వండిన పలుసామి, ఉడికించిన చేమదుంపలు, కోడికూర, వేడి వేడి కోకో, అన్నీ పొగలు కక్కుతూ బల్ల మీదికొచ్చాయి. గ్లెన్ ఆశగా కప్పు మీదికి చెయ్యి చాపాడు.

"ప్రార్థన," అంది మా అత్తగారు. చెయ్యి వెనక్కి పోయింది. తల వంగింది.

బాబుకి అర్థం కావాలని ఇంగ్లీషులో అందుకుంది. ఆవిడకి అంత ఇంగ్లీషొచ్చని నాకూ అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ కరెంటువాళ్ళతో, బడివాళ్ళతో నాచేతే మాట్లాడించింది మహాతల్లి!

"ప్రభువా, ఈ బిడ్డని మా గుమ్మానికి పంపినందుకు స్తోత్రం. వీళ్ళ ఆఫీసుకి స్తోత్రం. ఆ ఆఫీసులో ప్రతి అంతస్తుకీ, అన్ని అంతస్తుల్లోనూ తిరిగే వెచ్చటి గాలికీ స్తోత్రం. ముందుగదిలో హీటరు బిగించిన చేతుల్ని దీవించు తండ్రీ. మిగతా గదుల్లో బిగించకుండా ఆగిపోయిన చేతుల్ని కూడా దీవించు..."

అక్కణ్ణించి మంత్రులు, మంత్రుల భార్యలు, రూళ్ళు రాసేవాళ్ళు, రూళ్ళు చదివేవాళ్ళు. తర్వాత వాళ్ళ ఊరు, ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళు, బతికున్నవాళ్ళు. మా ప్రార్థనలో మధ్యలో లేవడమంటే చంపుకు తినడంతో సమానం. నేను ఒక కన్ను తెరిచి చూశాను. గ్లెన్ ముక్కు ఎర్రబడింది. చేతులు రెండూ చంకల్లో దోపుకున్నాడు. కోడికూర మీద నెయ్యిలా కొవ్వు పేరుకుంటోంది. "ఆమెన్" అనేసరికి అందరికంటే గట్టిగా అన్నది అతనే.

కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. చల్లారిపోయింది. గోడ వంక చూశాడు, గోడ మీంచి నీటిబొట్టు ఒకటి నింపాదిగా జారుతోంది.

"అమ్మా," అన్నాడు చివరికి, పళ్ళు టకటకలాడుతుంటే. "మనం ముందుగదిలో కూర్చుందామా?"

"ఎందుకు బాబూ? ఈ గది ఖాళీగా ఉందిగా."

అతను చల్లారిన కప్పు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత, "చలిగా ఉందమ్మా," అన్నాడు.

"ఆ మాట రాయడానికి అందులో చోటు లేదన్నావట?"

మొహం ముక్కుకంటే ఎర్రగా అయింది. నాకు జాలేసింది, అబద్ధమెందుకు, జాలికంటే ఆనందమే ఎక్కువ. కంచాలు ఎత్తుకుని అందరం ముందుగదిలోకి నడిచాం. సేలు హీటరు ముందు దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. గ్లెన్ వాడి పక్కనే చాప మీద చతికిలబడి చేతులు కాచుకున్నాడు. గోడవారన చుట్టిపెట్టిన పడకలు చూశాడు. వాడి గొంతులో ఇంకా మిగిలిన సన్నటి ఈల కాసేపు విన్నాడు. అప్పుడు ట్యాబు తీశాడు.

"ఈ ఒక్క గదిలో ఎంతమంది పడుకుంటారు?"

"ఏడుగురం," అన్నాను.

నొక్కాడు. ట్యాబు నిండా ఎర్రరంగు వచ్చింది. కనుబొమలు ముడేసి చదివాడు, మళ్ళీ చదివాడు.

"ఏడుగురు ఒకే గదిలో పడుకుంటే ఇల్లు ఇరుకని లెక్కట. ఇరుకింట్లో వాళ్ళని చిన్నింటికి మార్చకూడదట. మిమ్మల్ని ఐదు పడకగదుల ఇంటికి వరుసలో పెట్టమంటోంది."

మా ఆయన నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను.

"ఆ ఇంట్లో హీటర్లెన్ని బాబూ?" అంది మా అత్తగారు.

"ఒకటేనమ్మా," అన్నాడు తల దించుకుని. "ముందుగదిలో."

"వరుస పొడుగ్గా ఉంటుందా?"

"చాలా పొడుగు. ఏళ్ళు పట్టొచ్చు. అప్పటిదాకా మీరు ఈ ఇంట్లోనే ఉండాలి. క్షమించండి, అంతకంటే నేనేం చెయ్యలేను."

మా అత్తగారు పెద్ద నిట్టూర్పు విడిచింది. సేలు మీంచి జారిన దుప్పటి సర్ది, గ్లెన్ కంచంలో ఇంకో పలుసామి వేసింది.

"ఏం చేస్తాం బాబూ," అంది. "సర్దుకుంటాం."