మిగిలిన ఒక్క మాట

ఆయన మూతి తుడిచాను. కుడివైపు పెదవి జారిపోయింది, మెత్తగా కలిపి పెట్టిన అన్నంలో సగం మెడ మీదికే వస్తుంది. తుడుస్తుంటే నా మొహంలోకి చూసి, "దరిద్రం" అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో నా పేరు అదే. కాఫీ చల్లారినా, చొక్కా గుండీ ఊడినా దరిద్రమే. ఇప్పుడు నీళ్లు కావాలన్నా, పక్క తడిసినా అదే మాట. వేరే మాట లేదు.

పక్షవాతం వచ్చిన రోజు పొద్దున ఆయన చేతిలోంచి చెంచా జారి, మూతి వంకర పోగానే ఆస్పత్రికి వెళ్దామన్నాను. "గ్యాస్ అయ్యుంటుంది వదినా, కాసేపు పడుకోనీ" అన్నాడు మరిది. సాయంత్రం దాకా పడుకోనిచ్చారు. నెత్తురు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి వేళ దాటిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. మెదడులో ఎడమవైపు మధ్య రక్తనాళం మూసుకుపోయిందట. మాటా, కుడిచెయ్యీ దాని మీదే బతుకుతాయట. అదే కుడివైపైతే మాట మిగిలేది కానీ, ఎడమపక్కన మనిషున్నా పట్టేది కాదట. ముందు నాళమైతే కాలు, వెనకదైతే చూపు దెబ్బతినేవట. బీపీ మాత్రలు వేసుకునేవాడా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే కోడలు కూరల్లో ఉప్పు గుమ్మరిస్తుందని అత్తయ్య చెప్పేసింది. "నేనేమన్నా ముసలాణ్ణా" అంటూ మాత్రలు సింకులో పారేసి సిగరెట్ ముట్టించింది మాత్రం ఆవిడ కొడుకే.

మరి ఆ ఒక్క మాట ఎలా మిగిలిందని అడిగాను.

"రోజూ అని అని అలవాటైన మాటలు ఆలోచించకుండానే వచ్చేస్తాయమ్మా. కొందరికి తిట్లే మిగులుతాయి" అంది డాక్టరమ్మ.

పక్కగుడ్డలు ఉతికినప్పుడు కూడా రాని రోత పుట్టింది. పిల్లల పేర్లు పోయాయి, నా అసలు పేరూ పోయింది. రక్తం అందకపోయినా చావనంతగా ఆ మాటని నా మీద సాధన చేశాడన్నమాట. చూడ్డానికొచ్చిన చుట్టాలతో అత్తయ్య కళ్లొత్తుకుంటూ, "పాపం, పెళ్లాన్నే తలుచుకుంటున్నాడు" అంటుంది.

నిన్న మాటలు నేర్పే అమ్మాయి వచ్చింది. రోజూ గంటసేపు ఎవరైనా ఎదురుగా కూర్చుని ఒక్కో మాటా పలికించాలంది. ఆమె గుమ్మం దాటగానే, నా లైబ్రరీ ఉద్యోగం మానెయ్యమంది అత్తయ్య. పెళ్లానివి, నువ్వు కాకపోతే ఎవరు చేస్తారంది.

నేను కుర్చీ లాగి మంచం పక్కన వేశాను. ఆవిణ్ణి కూర్చోమన్నాను.

"రేపట్నుంచి డ్యూటీకి వెళ్తున్నానత్తయ్యా. మాటలు మీరే నేర్పండి. మొదటిసారి నేర్పింది కూడా మీరే కదా."