ఎక్కువైన ప్రోటీను

డాక్టరమ్మ చెప్పిందాంట్లో అక్కకు సగం అర్థమైంది, చెల్లెలికి సగం అర్థమైంది. చిక్కేమిటంటే ఆ రెండు సగాలూ వేరు.

"మీ రక్తంలో ఒక రకం ప్రోటీను తేడాగా, ఎక్కువగా కనిపిస్తోందమ్మా. ఇది క్యాన్సర్ కాదు. వయసు పైబడ్డాక కొందరికి వస్తుంది. చాలామందికి చివరిదాకా ఏమీ కాదు, ఏ కొద్దిమందికో క్యాన్సర్‌గా మారొచ్చు. మందులక్కర్లేదు. ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకోండి. ఈలోగా ఎముకల్లో నొప్పి వచ్చినా, ఊరికే బరువు తగ్గినా వెంటనే రండి."

"ఇంతకీ జబ్బు ఉన్నట్టా, లేనట్టా?" అంది అక్క.

"లేనట్టే. కానీ కనిపెట్టి ఉండాలి."

లేనిదాన్ని కనిపెట్టి ఉండడం ఎలాగో అక్క బుర్రకెక్కలేదు. పెళ్లయిన ఏడాది నుంచీ బట్టలు కుడుతున్న మనిషి. చొక్కా సరిపోయిందో లేదో తేల్చకుండా ఏ రోజూ ఎవరినీ పంపలేదు.

చెల్లెలు మాత్రం దారిలోనే తేల్చేసుకుంది. చక్కెర ఎక్కువైతే తీపి మానమంటారు, ఇదీ అంతే కదా! వంటిల్లు ఎలాగూ ఆమె రాజ్యం. మర్నాటి నుంచి గుడ్లు మాయం, పప్పు నీళ్లనీళ్లు, పాలు టీలోకి ఒక్క చుక్క. పథ్యమని చెబితే అక్క బెంగపడుతుందని, "గుడ్లు తాజాగా లేవే" అనేది.

అక్క గుబులు అక్కది. ఒంటిమీద బట్టలు వదులైపోతున్నాయి. చెల్లెలు హడలి చస్తుందని, ఆమె బజారుకెళ్లినప్పుడల్లా తన బట్టలు మిషనెక్కించి పక్క కుట్లు లోపలికి వేసుకునేది. ఆసుపత్రికి మాత్రం కాళ్లు రాలేదు. ఆ లేనిది కాస్తా వచ్చేసిందంటే ఏం చెయ్యాలి?

ఒకరోజు ఇస్త్రీ చేస్తూ చెల్లెలు అక్క జాకెట్టొకటి తిరగేసింది. పక్కన ఒకదాని లోపల ఒకటి మూడు కుట్లు.

"ఏమిటక్కా ఇది?"

"ఫ్యాషను."

"నీ మొహం ఫ్యాషను! పద ఆసుపత్రికి."

బరువు చూడగానే డాక్టరమ్మ ముఖం మారింది. రక్తం తీయించి, ఏం తింటున్నారని అడిగింది. అక్క చెప్పింది. "గుడ్లు, పప్పు, పాలు?" అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు నేల చూపులు చూసింది.

"ఎక్కువైందన్నారుగా... తగ్గిద్దామని..."

"అయ్యో! అది తిండి వల్ల వచ్చే ప్రోటీను కాదమ్మా. ఎముకల మూలుగలోని కణాలు తయారుచేసేది. తిండి తగ్గిస్తే మనిషి చిక్కుతుంది గానీ అది తగ్గదు."

చెల్లెలు అక్కడే భోరుమంది. కోప్పడాలో నవ్వాలో అక్కకు తోచలేదు. తను చిక్కింది ఆకలికో, మరి దేనికో రిపోర్టు వచ్చేదాకా డాక్టరమ్మా చెప్పలేకపోయింది. ఆ రిపోర్టు వచ్చింది. ప్రోటీను పెరగలేదు, తగ్గలేదు, ఉన్నచోటే ఉంది. ఇప్పటికేం లేదు, ఆర్నెల్లకు రమ్మన్నారు.

ఇంటికొచ్చాక అక్క విరుచుకుపడింది. "నన్ను పస్తులు పెట్టావు కదే! ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్పావా? నా చాటున కుట్లు వేసుకుంటూ కూర్చోలేదూ?"

అక్క కోపం కాస్త దిగింది.

"మందూ లేదు, పథ్యమూ లేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలక్కా? చేతులు ముడుచుకుని ఎలా కూర్చోను?"

"నాకూ తెలీదు. ఈసారి భయమేస్తే నన్ను పిలువు, చాలు."

"ఇప్పుడే వేస్తోంది" అంది చెల్లెలు.

అక్క కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"నాక్కూడానే" అంది.