మాట ఆగిన చోటు

స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పడం ఆవిడ ఉద్యోగం. మెదడులో, సరిగ్గా మాటలు పుట్టే చోటి పక్కనే గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ మధ్యలో మెలకువగా ఉండి మాట్లాడుతూనే ఉండాలంది డాక్టరమ్మ.

“నోరు మూసుకోమన్నవాళ్ళనే చూశాను గానీ, మూయొద్దన్నవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా!” అందావిడ.

“మా వదినకి అదో పనా! నిద్రలో కూడా వాగుతుంది,” అంది ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “నరాల కణాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉండవమ్మా. మధ్యలో వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని సందు. ఒక కణంలో కరెంటు చివరిదాకా రాగానే అక్కణ్ణుంచి రసాయనం బయటికొస్తుంది. అది సందు దాటి పక్కదాన్ని తాకితే కబురు అందినట్టు. లక్షల కణాలు అలా కబురందించుకుంటేనే మీ నోట ఒక్క మాట. నేను సన్నటి కరెంటు పెట్టి ఒక్కోచోట ఆ కబుర్లని చెడగొడతాను. మీ మాట ఆగిందా, ఆ చోటుని కత్తి తాకదు.”

“సరే, ఆపి చూసుకోండి. మళ్ళీ అందుకోవడం నా వంతు.”

ఆపరేషన్ బల్ల మీద నొప్పి తెలియలేదు. నర్సు బొమ్మలు చూపిస్తోంది. “గొడుగు... కుర్చీ... తాళంచెవి...” ఆవిడ గొంతు ఖంగుమంటోంది.

తర్వాతి బొమ్మ దువ్వెన. అదేమిటో తెలుసు. పొద్దున్నే తల దువ్వుకుంది కూడా. పేరు మాత్రం రాదు! నాలుక కదలదు. కంగారుగా నర్సు వైపు చూసింది.

డాక్టరమ్మ కరెంటు తీసింది.

“దువ్వెన!” గది అదిరేలా అరిచిందావిడ.

“ఇంకోసారి చూడనా?”

“చూడండి, భయం లేదు.”

మళ్ళీ అక్కడే ఆగింది. ఈసారి కంగారు పడకుండా, మాట ఆగిందని వేలెత్తి సైగ చేసింది. మెదడు మీద ఆ చోట చిన్న కాగితం ముక్క పెట్టి గుర్తు చేశారు. గడ్డంతా వచ్చింది గానీ, ఆ గుర్తుని ఆనుకున్న రవ్వంత ముక్కని డాక్టరమ్మ కావాలనే వదిలేసింది. దాని సంగతి రేడియేషన్ చూసుకుంటుంది.

మొదటి వారం మాటలు తడబడ్డాయి. చెంచా అనబోయి చీపురు అనేది, తనే పకపకా నవ్వి దిద్దుకునేది. రోజూ పేపరు పైకి చదివేది. రేడియేషన్ కూడా అయ్యాక, మూడో నెలలో డ్యూటీకెక్కింది.

మొదటి ప్రకటనే ఆలస్యం గురించి. బండి నలభై నిమిషాలు లేటని ఎక్కడా తొట్రుపడకుండా చెప్పి మైకు కట్టేసింది. బయట ప్లాట్‌ఫారం మీద జనం ఒక్కసారిగా విసుక్కోవడం వినిపించింది. హమ్మయ్య, చెప్పింది అందరికీ చేరిందనుకుని తర్వాతి కాగితం తీసింది.