చేతి తప్పు కాదు

సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టానా లేదా, పెట్టాను, మూడు ప్రతుల్లోనూ పెట్టాను, రాసింది చదివి వినిపించాక, నాన్న విని తల ఊపాక అంచున పెట్టే గుర్తు అది, ఆ వాక్యం పక్కన నల్లగా నిక్షేపంగా ఉంది, మరి ఇప్పుడు చెయ్యి జారిందని ఏ మొహంతో అంటారు అనుకుంటూ తుర్ఫా ప్రార్థనాలయంలో ఆడవాళ్ళ పై వసారాలో చెక్క జాలీకి నుదురు ఆనించి కిందికి చూసింది, కింద తలపాగాలు తప్ప ఏమీ కనబడవు, శనివారం పొద్దున ఈజిప్టు ఫుస్తాత్‌లోని యూదు మగవాళ్ళందరివీ ఉతికి ఆరేసిన తలపాగాలే, నాన్నది మాత్రం స్తంభం పక్కన ఇట్టే తెలిసిపోతుంది, చూపు పోయిన మనిషి కనుక దగ్గు వినిపిస్తే దగ్గు వైపు, చెప్పు చప్పుడైతే అటు వైపు తిరిగే తలపాగా అది, బడిపంతులు మునజ్జా, నలభై ఏళ్ళు ఈ వీధి పిల్లలందరికీ ధర్మశాస్త్రం నూరిపోసిన మనిషి, ఇంకాసేపట్లో అందరి ముందూ తన కూతురు సరిగ్గా రాయలేదని చెప్పించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు.

గురువారం ఆ మాట అన్నది న్యాయాధికారి సదఖా, గొంతులో తేనె పోసుకుని మరీ అన్నాడు, చూడమ్మా, మీ నాన్న రాసిన వ్యాఖ్యానం బంగారం, కాదనను, ఒక్క వాక్యమే కొంప ముంచేట్టుంది, మోషే రాసిన ధర్మశాస్త్రంలో, మోషే భూమ్మీద మనుషులందరికంటే వినయం గలవాడు అని ఉన్నచోట, ఇది మోషే రాసింది కాదు, తర్వాత ఇంకెవరో రాసి చేర్చారు అని రాస్తే ఎలాగమ్మా, మీ గ్రంథాన్ని మీరే మార్చుకున్నారని పక్కింటి ముస్లిం పండితుడు మనల్ని ఎన్నాళ్ళ నుంచో అంటున్నాడు, ఇప్పుడు మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు కాదూ, అలాగని మొత్తం పుస్తకాన్ని కొట్లో పడెయ్యడం నాకూ ఇష్టం లేదు, అంటూ గోడ వైపు చూశాడు, ఆ గోడ అవతలిదే పాత పుస్తకాల కొట్టు, దేవుడి పేరున్న కాగితాన్ని చింపకూడదు, కాల్చకూడదు, కన్నంలోంచి చీకట్లోకి వదిలేస్తారు, ఆ తర్వాత దాన్ని చదివేవాడుండడు, కాబట్టి నకలు రాసింది నువ్వు, పొయ్యి మీద కుండ పొంగుతూ ఉంటుంది, ఆడచెయ్యి, ఆయన ఒకటి చెబితే నువ్వొకటి రాశావు, అంతే, నిన్నెవరూ ఏమీ అనరు, మూడు ప్రతుల్లోనూ ఆ ఆకు ఒక్కటీ కొట్లోకి పోతుంది, పుస్తకం బతుకుతుంది, బడి బతుకుతుంది, ఏమంటారు పంతులుగారూ, అని సదఖా అడిగితే నాన్న, సరే అయ్యా, అన్నాడు, సరే అయ్యా, ఎంత తేలిగ్గా అన్నాడు, ఇంటి గుమ్మం దగ్గర, తుర్ఫా, చిక్కుడుగింజలు నానేశావా, అని అడిగాడు, నానేశాను నాన్నా అంది, అంతకంటే ఏమైనా అంటే ఏడుపొస్తుందేమోనని.

ఆడచెయ్యట, పదకొండేళ్ళుగా ఈ చెయ్యి పంతొమ్మిది పుస్తకాలు దింపింది, ఎక్కడో కైరవాన్ నుంచి వచ్చే వర్తకులు కూడా తుర్ఫా రాస్తేనే కొంటామంటారు, మొగుడు మిరియాల కోసమని హిందూ దేశం ఓడెక్కి మళ్ళీ కబురు లేకుండా పోయినప్పుడు రొట్టె పెట్టింది ఈ చెయ్యే, నాన్న కళ్ళు పోయాక ఆయనకు కళ్ళూ ఇదే, దీన్ని పట్టుకుని ఆ సదఖా కుండ పొంగిందంటాడా, ఆయన ఇంట్లో కుండ ఎప్పుడు పొంగుతుందో ఆయనకు తెలుసా అసలు, అని పళ్ళు నూరుకుంటూ లేచి నిలబడింది, పక్కనున్న సుతైత్ అత్త కొంగు పట్టి లాగింది, ఏమే, కాళ్ళ కింద నిప్పులేమైనా పోశారా, కూర్చో, కూర్చోను అత్తా, కిందికి వెళ్తున్నా, కిందికేమిటే, ధర్మశాస్త్ర గ్రంథపు చుట్ట ఇంకా బయటికి తియ్యందే, తియ్యనివ్వను అత్తా, అందుకే వెళ్తున్నా, అన్యాయం జరిగినవాళ్ళు ఎవరైనా ప్రార్థన ఆపి తమ గోడు వినమనొచ్చు కదా, నిరుడు అద్దకంవాడి పెళ్ళాం కోసం ఆపలేదా, ఆపారులేవే, ఆమె తమ్ముడు వచ్చి ఆపాడు, ఆడది దిగి మగాళ్ళ మధ్యన నిలబడలేదు, నీకు తమ్ముడేడీ, లేడు అత్తా, అందుకే నేనే పోతున్నా, అత్త నోరు తెరిచి, మూసి, చివరికి, అయితే ఆ ముసుగన్నా సరిగ్గా వేసుకుని ఏడువు, జుట్టు కనిపిస్తోంది, అని తనే చేత్తో సర్దింది.

మెట్లు బయటి సందులోకి దిగుతాయి, ఎండ కళ్ళలో కొట్టింది, ఒక్క క్షణం ఇటు నుంచి ఇటే ఇంటికి పోదామనిపించింది, పోతే ఏమవుతుంది, ఏమీ కాదు, ఆకు కొట్లో పడుతుంది, పిల్లలు ఆదివారం పలకలు పట్టుకుని వస్తారు, నాన్న మునుపటిలాగే బెత్తం ఆడిస్తాడు, ఆపితే మాత్రం పుస్తకం మొత్తం పోవచ్చు, బడి పోవచ్చు, డెబ్బై ఏళ్ళ ముసలాయనను నా రోషం కోసం వీధిన పడేస్తానా, ఆయనే సరే అన్నాక మధ్యలో నేనెవరిని, ఆయన మాట, ఆయన పుస్తకం, ఆయన బడి, నాది చెయ్యి ఒక్కటే, అనుకుంటూనే నడుస్తోంది, మనసు వెనక్కి లాగుతున్నా కాళ్ళు ఆగలేదు, పక్కింటివాడు ఏమంటాడోనని చదివినదాన్ని చదవలేదంటామా, చూసినదాన్ని చూడలేదంటామా, అలా అనడానికేనా పిల్లలకు చదువు చెప్పేది, అనుకునేసరికి పెద్దగుమ్మం దాటేసింది, నువ్వులనూనె దీపాల వాసన, ఒక్కసారిగా ఇటు తిరిగిన మొహాలు, ప్రార్థన చదువుతున్నవాడు పదం మధ్యలో గుటక మింగాడు, ఎవరో ఛీ అన్నారు, ఎవరో, మునజ్జాగారి పిల్లే అన్నారు, తుర్ఫా నేరుగా వెళ్ళి గ్రంథపు చుట్టలుండే బీరువా తలుపులకు వీపు ఆనించి నిలబడింది.

ఆపుతున్నాను, నా గోడు వినేదాకా చుట్ట తియ్యకూడదు, అంది, గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది, సదఖా లేచాడు, అరుస్తాడనుకుంది, అరవలేదు, గడ్డం నిమురుకుంటూ, ఆపే హక్కు నీకుంది తల్లీ, నేనెందుకు కాదంటాను, ఆచారం ప్రకారం ఒక్కటి చెప్పు, ఎవరి తరఫున ఆపుతున్నావు, మీ నాన్న తరఫునైతే ఆయన ఒప్పుకున్నాడు, ఇక గోడేముంది, తప్పుకో, అన్నాడు, నలుగురైదుగురు నవ్వారు, నాన్న తలపాగా మెల్లగా ఇటు తిరిగింది, నాన్న తరఫున అనబోయిన మాట నాలుక మీదే ఆగిపోయింది, ఆ చూపులేని మొహాన్ని ఇలాగే, కొంచెం పక్కకు వంచి, పోయిన చలికాలంలోనే చూసింది, ఆ వాక్యం చెప్పి ఆగి, రాశావా అమ్మా, అన్నాడు, రాశాను నాన్నా, అంది, ఊ, అని మళ్ళీ, రాశావా, అన్నాడు, ముసలితనం, మరిచిపోయి మళ్ళీ అడుగుతున్నాడనుకుని తను తర్వాతి వాక్యానికి కలం ముంచింది, మరిచిపోయింది ఆయన కాదు, తనే, ఏడేళ్ళప్పుడు బడి తలుపు వెనక కూర్చుని వేయించిన సెనగలు నముల్తూ మగపిల్లల పాఠం వింటూ, నాన్నా, నేను చాలా అణకువ గలదాన్ని అని నేనే రాసుకుంటే నువ్వు నవ్వవా, మరి మోషే తన గురించి తనే అలా రాసుకున్నాడా, అని అడిగింది ఎవరు, పిల్లలంతా ఘొల్లుమంటే నాన్న కూడా గడ్డం ఊగేలా నవ్వి, ఉన్నట్టుండి నవ్వడం మానేసి, ఆ రోజు బడి తొందరగా వదిలేశాడు, జవాబు మాత్రం చెప్పలేదు, ఇరవై రెండేళ్ళు ఆలోచించి పోయిన చలికాలంలో చెప్పాడు, చెప్పి, తుర్ఫా గుర్తుపడుతుందేమోనని రెండుసార్లు అడిగి చూశాడు, చెయ్యి జారిందంటే క్షమిస్తారు, ఆ ప్రశ్న అడిగినందుకు క్షమించరని తెలిసే గురువారం నోరు కుట్టేసుకున్నాడు, పిచ్చి నాన్న, కాపాడుకుంటున్నది తన మాటను కాదు, బడిని కాదు, నన్ను, అనుకుంది, సదఖా ఇంకా చూస్తున్నాడు, ఎవరి తరఫునో చెప్పమ్మా, అంటున్నాడు, తుర్ఫా ఆయన్ని కాదు, స్తంభం పక్కన నాన్ననే చూస్తూ, నా తరఫున, అంది, ఆయన చెప్పింది నా ప్రశ్నకు జవాబు, దాన్ని నేను రాశాను, చూసుకునే రాశాను, ఒక్క అక్షరం తప్పు లేదు.