పెదాలు కదపొద్దు

ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ దాకా నేను ఊరందరి కొడుకుని. టీవీ సీరియల్లో నా పేరు బుడ్డోడు. బజారుకెళితే చాలు, ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళంతా నా బుగ్గలు పట్టి సాగదీసేవాళ్ళు. ఇప్పుడవి ఇలా వేలాడుతున్నాయంటే కారణం వయసు కాదు, వాళ్ళే. పన్నెండో ఏట గొంతు బొంగురుపోయి, నూనూగు మీసం మొలిచింది. రచయిత నన్ను కథలో హాస్టల్‌కి పంపేసి, ఆ తర్వాత నా సంగతే మర్చిపోయాడు.

పెద్దయ్యాక ఎవడూ వేషం ఇవ్వలేదు. చివరికి ప్రాంప్టర్నయ్యాను. అంటే కెమెరా కింద గొంతుక్కూర్చుని నటులకు డైలాగులు ముక్కముక్కగా అందించే పని. సీరియళ్ళలో డైలాగు బట్టీపట్టే తీరికెవరికి? మనిషి రెండు క్షణాలు ఆగాడంటే మర్చిపోయాడన్నమాట, నేను వెంటనే అందించాలి. పందొమ్మిదేళ్ళు ఇదే బతుకు. ఇంట్లో మా ఆవిడ మాట కోసం తడుముకున్నా నేనే అందిస్తాను.

"కనీసం మిమ్మల్ని తిట్టేటప్పుడైనా నన్ను సొంతంగా తిట్టనివ్వండి" అంటుంది.

ఈమధ్య ఆ పాత సీరియల్‌ని మళ్ళీ మొదలుపెట్టారు. బుడ్డోడు హాస్టల్ నుంచి తిరిగొస్తాడట. అమ్మ వేషం మళ్ళీ అప్పుడు వేసినావిడదే. ఆవిణ్ణి నేను అప్పుడూ అమ్మా అనే పిలిచాను, ఇప్పుడూ అంతే. అరవై నాలుగేళ్ళొచ్చినా నోటికి అడ్డూ ఆపూ లేదు. "ముందు మావాడికి ఒక్క ఛాన్సిచ్చి చూడండి" అని నిర్మాతని పీక్కుతిన్నది ఆవిడే. ఆయన సరేనన్నాడు గానీ, ఎందుకైనా మంచిదని కండలు తిరిగిన కుర్రాణ్ణొకణ్ణి మేకప్ గదిలో కూర్చోబెట్టాడు. మొదటి సీన్ కుదిరితే వేషం నాది, లేకపోతే వాడిది.

ఆ వేషం నాకెంత కావాలో చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పక్కవాళ్ళ మాటలు మోసీ మోసీ నా నోరు నాది కాకుండా పోయింది. ఒక్కసారైనా నా మాట నేను చెప్పుకుని చావాలనుంది.

సీన్ ఇంతే. అమ్మ తలుపు తీసి నాలుగు మాటలంటుంది. నేను విని, ఆఖర్న "వచ్చేశానమ్మా" అనాలి. కెమెరా నా మొహం మీదే.

"కట్!" అన్నాడు డైరెక్టర్, నాకంటే పదేళ్ళు చిన్నవాడు. "అన్నా, ఆవిడ డైలాగుకి నీ పెదాలు కదులుతున్నాయి."

పాడు అలవాటు! రెండో టేకూ అంతే. మూడోసారి నోరు బిగబడితే మలబద్ధకం ఉన్నవాడిలా కనిపించానట.

"ఇదే ఆఖరు" అన్నాడతను, మేకప్ గది వైపు చూస్తూ.

బుగ్గలు లోపల్నించి కొరుక్కుని నిలబడ్డాను.

"ఒరేయ్, నువ్వేనా?" అంది అమ్మ. నా పెదాలు కదల్లేదు.

"ఎంత పెద్దవాడివయ్యావురా!" కదల్లేదు. భలే అనుకున్నాను.

అక్కడ ఆవిడ ఆగిపోయింది.

ఒక క్షణం. రెండు. పెద్దదైపోయింది పాపం, మర్చిపోయింది. కొత్త ప్రాంప్టర్ చూస్తే నోరు మెదపడే! ఇంకాసేపు ఇలాగే ఉంటే ముసల్దని ఆవిణ్ణే తీసేస్తారు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావురా" అని అందించాను. చక్కగా, స్పష్టంగా, కెమెరా ముందే.

"కట్!"

ఈసారి డైరెక్టర్ కుర్రాణ్ణి పిలవమని మనిషిని పంపాడు.

అమ్మ నన్ను సెట్టు వెనక్కి లాక్కెళ్ళింది.

"నువ్వు మర్చిపోయావనీ..." అని నసిగాను.

"నేనా? నీ బొంద! నాలుగు ముక్కలు గుర్తుండవూ నాకు?"

"మరెందుకాగావమ్మా?"

"నేను వాగినంతసేపూ జనం నన్నే వింటార్రా. నేను నోరు మూసుకుంటేనే నీ మొహం చూస్తారు. ప్రాంప్టర్‌కి కూడా చెప్పిపెట్టాను, నా జోలికి రావద్దని. నీకోసమని ఆగానురా, వెధవా."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. సిగ్గూ లజ్జా లేకుండా, మేకప్పంతా కారిపోయేలా ఏడ్చాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఈ మొహం కోసమేరా నేనాగింది" అంటూ అరచేత్తో తుడిచింది. ఇంతలో అవతల్నుంచి పిలిచారు, కుర్రాడు రెడీ అట.